నాలుగు పనుల షాట్

మూడో టేకు కూడా పోయింది.

1992 ఎండాకాలం. జూబ్లీ హిల్స్‌లో అద్దెకు తీసుకున్న బంగళా. చావింటి సీను. తెల్లచీరల్లో జూనియర్ ఆర్టిస్టులు వరసగా కూర్చున్నారు.

ఎనిమిదేళ్ల లీల లేవాలి, తాత కళ్లజోడు తీయాలి, సొరుగులో పెట్టాలి, కిటికీ మూయాలి. అంతే.

లేస్తుంది. కళ్లజోడు తీస్తుంది. చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది.

"ఒట్టి మొద్దు. రేపు వేరే పిల్లని పిలవండి," అన్నాడు డైరెక్టర్ త్రినాథరావు.

బళ్లోనూ ఇదే మాట. ఈ వేషం పోతే పిల్ల మీద ఆ ముద్ర ఖాయం. తల్లి పుష్పవల్లి లీల జబ్బ పట్టుకుని చెయ్యెత్తింది.

తెల్లచీరల్లోంచి ఒక పెద్దావిడ లేచింది.

"కొట్టకమ్మా. ఇది మొద్దు కాదు, బద్ధకమూ కాదు. నాలుగు పనులూ దీనికి తెలుసు. ఒకటి అయ్యాక రెండోదానికి కదలడమే చేతకావట్లేదు. నేను అందిస్తా, చూడండి."

మీరు డాక్టరా అని నవ్వాడు త్రినాథరావు.

"మీ హీరోకి డైలాగు ముక్క ముక్కగా అందిస్తారు కదా బాబూ. ఎవరైనా మొద్దన్నారా?"



ఎట్లాగూ మాటలు తర్వాత డబ్బింగులో పడతాయి. షాట్ నడుస్తుండగా పక్కనుంచి ఎవరు మాట్లాడినా నష్టం లేదు. సరే కానిమ్మన్నాడు త్రినాథరావు.

"లే తల్లీ." లేచింది. "జోడు తియ్యి." తీసింది. "సొరుగులో పెట్టు." పెట్టింది. "ఇప్పుడు కిటికీ."

షాట్ ఓకే. వేషం లీలదే.

పిల్ల గెలిచింది. డైరెక్టర్‌కి మాత్రం తల కొట్టేసినట్టయింది. యూనిట్ అంతా చూస్తుండగా ఒక జూనియర్ ఆర్టిస్టుతో చెప్పించుకున్నాడు మరి. ఆర్టిస్టుల ఏజెంట్ ఓదెలును పిలిచి, ఈవిడ మళ్లీ నా సెట్లో కనపడకూడదన్నాడు.

"గీమె నా మనిషి కాదు సార్. తెల్లచీర జూసి ఎవరో గీడ కూసోబెట్టిన్రు."

అయితే ఇంకా మంచిది, గేటు బయటికి పంపమన్నాడు.

మీరెవరని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇంట్లో కూడా ఒక్కొక్క పనే చెప్పమని పుష్పవల్లితో అని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి హీరో సుందర్ రాజు కారు దిగాడు. ఎవరో ముసలావిడ తనకే డైరెక్షన్ నేర్పబోయిందనీ, బయటికి పంపించాననీ త్రినాథరావు చెప్పుకొచ్చాడు. సుందర్ రాజు నవ్వలేదు.

"బళ్లో నన్నూ మొద్దనే అనేవారండీ," అన్నాడు గేటు వైపు చూస్తూ. "షూటింగ్ చూస్తానంటే మా అమ్మని పొద్దున నేనే పంపించాను."