రోజుకు రెండు

“లాలీపాప్ ఒకటి కింద లెక్కా, సగం కింద లెక్కా?” అని నిలదీసింది నెల్.

డార్సీ కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. వంటింటి టేబులు నిండా నిన్న పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న హాలోవీన్ చాక్లెట్ల రాబడి పరుచుకుని ఉంది. దాని వెనక ఏడేళ్ళ కూతురు, తేనెటీగ వేషం రెక్కలు ఇంకా విప్పకుండా, కొట్టు తెరిచిన షావుకారులా కూర్చుంది.

“దానికి లెక్కేమిటి తల్లీ? ఎన్ని కావాలంటే అన్ని తిను.”

“అదేం కుదరదు. రోజుకు రెండే. అదీ భోజనం అయ్యాకే. ఆ రూలు నువ్వే కదా పెట్టావు!”

పెట్టిన మాట నిజమే. పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళకు వేళలు రాసిచ్చే ఉద్యోగం డార్సీది. ఏటా అక్టోబరు ఆఖర్న వచ్చే హాలోవీన్ మర్నాడు ఆ ఇంట్లో కర్ఫ్యూ పెట్టినట్టే ఉండేది. చాక్లెట్ల సంచులు ఫ్రిజ్ మీదికి ఎక్కేవి. పిల్లలు ఎంత కాళ్ళావేళ్ళా పడ్డా రోజుకు రెండుకు మించి కిందికి దిగేవి కావు. భర్త కర్ట్ చాటుగా ఒకటి నోట్లో వేసుకుని దొరికిపోతే అతనికీ చీవాట్లు తప్పేవి కావు. అలాంటి మనిషి ఈసారి తన రూలు తనే ఎత్తేసింది. ఈ ఏడాది ‘వద్దు’ అనే మాటే అనకూడదని భార్యాభర్తలు ముందే అనుకున్నారు. ఈ పూట ఆమెకు కావలసింది ఒక్కటే. నెల్ మూతినిండా పూసుకుని కడుపారా తినాలి, తను చూడాలి.

“మరి పళ్ళు పుచ్చిపోవూ?”

“పుచ్చితే పుచ్చనీ.”

నెల్ తల్లిని ఎగాదిగా చూసింది. “నాన్నా! అమ్మకి జ్వరం వచ్చినట్టుంది, ఓసారి చెయ్యిపెట్టి చూడు!”

కర్ట్ అటు తిరిగి గిన్నెలు కడుగుతున్నాడు. కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతున్నాడు. “మీ అమ్మ బాగానే ఉందిలే. ఇంత మంచి బేరం మళ్ళీ రాదు, కానీయ్,” అన్నాడు తల తిప్పకుండానే.

పిల్లలు ఏ రోజు, ఏ వేళకు ఇళ్ళ మీద పడాలో ఆ ఊళ్ళో నగరసభ ప్రకటిస్తుంది. ఈసారి శనివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు అన్నారు. వాతావరణం కూడా కలిసొచ్చింది. ఏటా తేనెటీగైనా రాకుమారైనా పైన దళసరి కోటు తొడుక్కోవలసిందే. ఈసారి ఆ గోల లేకపోవడంతో నెల్ రెక్కలు ఊరంతా చూసింది. కర్ట్ చిన్న బండిలో కూర్చోబెట్టి లాగుతుంటే మహారాణిలా ఊరేగింది. వీధిలో తలుపు మూసుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. ఏనాడూ గడప దాటి రాని మూలింటి ముసలాయన కూడా గుమ్మంలో నిలబడి, పెద్ద సైజు చాక్లెట్లే పంచాడు.

అక్కడ జోకు చెప్పందే ఎవరూ చాక్లెట్ ఇవ్వరు. నెల్ ప్రతి గుమ్మంలోనూ ఒకటే జోకు చెప్పింది. “దెయ్యం మా ఇంటికి ఎందుకు రాదో తెలుసా? ఒకసారి మా అక్క గది చూసి దడుచుకుంది!”

అందరూ పగలబడి నవ్వారు. పక్కింటి హాల్వర్సన్ మామ్మ అయితే కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. డార్సీ కూడా నవ్వింది. నవ్వినట్టు గుర్తుంది గాని, ఏమైనా అనిపించినట్టు గుర్తులేదు. మూడు వారాలు రెక్కలు కుట్టింది, వీధి వీధంతా తిరిగి అందర్నీ ఒప్పించింది. ఇప్పుడు మత్తు ఇంజక్షన్ ఇచ్చిన దవడలా లోపలంతా మొద్దుబారి ఉంది.

పెద్దమ్మాయి జోసీ మేడ దిగి వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. తన సంచీని చెల్లెలి ముందు బోర్లించింది.

“ఇవీ నీవే.”

నెల్ కళ్ళు చిన్నవి చేసింది. “నాది ఏం విరగ్గొట్టావు?”

“ఏమీ లేదే.”

“మరి ఎందుకిస్తున్నావు? వేరుశెనగవి కూడా ఇచ్చేస్తున్నావు! అవంటే నీకు ప్రాణం కదా.”

“మొహం మొత్తేసింది. తీసుకుంటావా, లేదా?” అంది జోసీ. జవాబు కోసం ఆగకుండా మేడెక్కిపోయింది. పైన తలుపు వేసుకున్న చప్పుడైంది. డార్సీ వెనకే వెళ్ళబోయి, నెల్ వైపు చూసి ఆగిపోయింది.

“తన గది సంగతి ఊరంతా చెప్పానని కోపం వచ్చినట్టుంది,” అంది నెల్.

డార్సీ కూతురి పక్కన కూర్చుని ఒక పెద్ద చాక్లెట్ విప్పింది. అది అప్పటికే మెత్తబడి కాగితానికి అంటుకుపోయింది.

“ఒక్కటి తిను.”

“ఇంకా భోజనం కాలేదుగా.”

“నాకోసం తినవే, నా బంగారం కదూ.”

నెల్ తల్లి మీద జాలిపడి ఒక మూల కొరికింది. చాలాసేపు నమిలింది. మిగతాది జాగ్రత్తగా కాగితంలో చుట్టేసి, “ఇది రేపటి లెక్కలోకి వస్తుంది,” అంది.

తర్వాత జతలు జతలుగా పేర్చడం మొదలుపెట్టింది. టేబులు చాలక కుర్చీల మీద, అవీ చాలక నేలమీద పేర్చింది. డార్సీ ఇంకోసారి బతిమాలబోయి ఊరుకుంది. నెల్ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది, గోడ మీది క్యాలెండరు వంక చూసి వేళ్ళు మడిచింది, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మొహం విప్పారింది.

“అమ్మా! రూలు తప్పకపోతే ఇవి వచ్చే హాలోవీన్ దాకా వస్తాయి! సరిగ్గా అప్పటికి సంచీ ఖాళీ. మళ్ళీ నింపేసుకోవచ్చు.”

కర్ట్ కుళాయి కట్టేశాడు.

“సరే తల్లీ, రోజుకు రెండే,” అంది డార్సీ.

నెల్‌తో పండగ చేసుకోవాలంటే అక్టోబరు దాకా ఆగొద్దని ఆసుపత్రిలో మే నెలలోనే చెప్పేశారు.