పానాకీ సూదికీ మధ్య

"ఈ ఏర్పాటు తీసేయడానికి వీలుండదా?" అని మోడరేటర్ అమ్మాయి అడగడం అది మూడోసారి.

వీలుండదని సేల్స్‌మన్ మూడోసారీ అంతే నవ్వుతూ చెప్పాడు. తమ సాఫ్ట్‌వేర్ గొప్పతనమే అదన్నాడు. ఇద్దరు సభ్యులు అదేపనిగా తగువులాడుకుంటుంటే అది దానంతటదే కనిపెట్టి, ఒకరి రాతలు మరొకరికి కనిపించకుండా చేసేస్తుంది. మోడరేటర్ వేలు కూడా కదపక్కర్లేదు.

యజమానికి ఆ సరుకు నచ్చింది. కుట్టుమిషన్ల దగ్గర్నుంచి నీళ్ల మోటార్ల దాకా పాత యంత్రాల విడిభాగాలు అమ్మే షాపు ఆయనది. మిషన్ పాడైనవాళ్లు ప్రశ్న అడిగితే తెలిసినవాళ్లు జవాబు చెప్పే ఫోరం కూడా ఆయనే పెట్టాడు. షాపుకొచ్చే బేరాల్లో సగం ఇప్పుడు అక్కణ్ణుంచే. అయితే పాత సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ మూతపడింది. ఫోరంలో జనం పెరిగారు. ఒక పేజీ తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. ఈ నెలాఖరులోగా మార్చకపోతే సభ్యులు వేరే సైట్ల దారి పడతారు. పోయిన గిరాకీ తిరిగి రాదని ఆయనకొకరు చెప్పక్కర్లేదు.

చూసినవాటిలో చివరికి రెండు మిగిలాయి. ఈ సేల్స్‌మన్‌ది చురుగ్గా ఉంది. రెండోదానిలో ఆ ఏర్పాటు లేదు, కాస్త నెమ్మది కూడా. పైగా పాత పోస్టులన్నీ సరిచూసుకుంటూ అందులోకి ఎక్కించాలి. ఆ చాకిరీ చేయాల్సింది ఈ అమ్మాయే. అయినా ఆమె రెండోదే కావాలంటోంది.

సేల్స్‌మన్‌ను బయట కూర్చోబెట్టి, సంగతేమిటో తేల్చమన్నాడు యజమాని.

"మరి పానా, సూది ఏమవుతారు సార్?" అందామె.

ఆయనకు నవ్వొచ్చింది. ఫోరంలో ఆ రెండు మారుపేర్లు తెలియనివాళ్లు లేరు. ఆరేళ్లుగా ఒకటే తగువు. గ్రైండర్ మోటార్ కాలిందని ఎవరైనా అడగడం ఆలస్యం, కాయిల్ మార్చమని పానా సలహా. ముందు బుష్ చూడకుండా కాయిల్ జోలికెళ్లడం తొందరపాటని సూది జవాబు. అక్కణ్ణుంచి మాటా మాటా పెరుగుతుంది. నిన్నటికి నిన్న "చెప్పిన మాట మీరు ఏనాడు విన్నారు గనక" అని సూది రాస్తే, "వినేలా మీరు ఏనాడు చెప్పారు గనక" అని పానా. ఇద్దరూ పని మానేసి తీరిగ్గా కూర్చున్న మెకానిక్‌లై ఉంటారని యజమాని అంచనా. వాళ్లను తీసెయ్యమంటూ వచ్చిన ఫిర్యాదులు ఒక ఫైలు నిండా ఉన్నాయి.

"వాళ్లు ఊరుకుంటే మనకొచ్చే నష్టమేంటమ్మా?" అన్నాడు.

ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. ఆ ఇద్దరూ జవాబిచ్చిన ప్రశ్నలన్నీ ఏరి పట్టీ రాసి పెట్టుకుంది. పానా ఒక్కరే చెప్పినచోట నాలుగింట ఒకటి తప్పు. సూది ఒక్కరే చెప్పినచోట సలహా సగంలో ఆగిపోయింది. ఇద్దరూ తగువుపడ్డచోట మాత్రం మిషన్ తిరగకపోవడమన్నది దాదాపు లేదు. ఒకరి పొరపాటు రెండోవాళ్లు వదిలిపెట్టరు మరి. అందులో రాయని సంగతొకటి ఆమె నోటితో చెప్పింది. పోయిన వేసవిలో పానా వారం రోజులు ఏమీ రాయకపోతే, సూది కూడా ఎవరికీ జవాబివ్వలేదట. రోజూ వచ్చి చూసి వెళ్లడమేనట.

యజమాని ఆ పట్టీని రెండుసార్లు చదివాడు. పక్కపక్కన రెండు షాపులుంటే రెండూ మంచి సరుకే పెడతాయని ఆయనకు ఎప్పుడో తెలుసు. ఫోరంలోనూ అదే జరుగుతోందని తట్టలేదు. ఈ అమ్మాయికి తట్టింది. అంత ఫైలు ఫిర్యాదులకూ ఎవరినీ నొప్పించకుండా జవాబు రాసి, ఆ ఇద్దరినీ ఆరేళ్లు కాపాడుకొచ్చింది. తన ముప్ఫయ్యేళ్ల వ్యాపారంలో ఇంత చూపున్న మనిషి ఒక్కరూ తగల్లేదనుకున్నాడు.

"ఎక్కించడం నెలాఖరుకు అవుతుందా?"

"ఆదివారాలు కూడా వస్తాను సార్."

"కాకపోతే?"

"కాకపోతే తప్పు నాదే. ఉద్యోగం మానేసి వెళ్తాను."

ఆయన బయటికెళ్లి సేల్స్‌మన్‌కు మర్యాదగా చెప్పి సాగనంపాడు. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. సాఫ్ట్‌వేర్ కుదిరినందుకు ఏడ్చేవాళ్లను ఆయన ఎక్కడా చూడలేదు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఉద్యోగం ఒడ్డావు," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "ఈ మాట వాళ్లిద్దరికీ నేనే రాస్తాను. సంతోషిస్తారు."

"వద్దు సార్, నాకు తెలుసని తెలిస్తే రాయడం మానేస్తారు," అంది కంగారుగా. ఆయన అర్థంకాక చూశాడు. ఆమె తల దించుకుంది.

"మా అమ్మా నాన్నా మాట్లాడుకునేది అక్కడొక్కచోటే."