ఎదిగిపోయిన టైవో

తల్లి కడుపు చీకటిలో కూర్చుండి, మట్టి తడిపి, కన్నూ ముక్కూ తీర్చి మనుషులను మలచి పంపే ఒబాతాలా! తెల్లని బట్ట కట్టిన తండ్రీ! ఒక్కొక్క గర్భాన ఇద్దరిద్దరిని దిద్దే నీ చేతికి మ్రొక్కి, ఆ చేతిని చూసి కొయ్యను చెక్క నేర్చిన మావాళ్ల కథ ఒకటి చెబుతున్నాను. తప్పులుంటే మన్నించు.

"ఇది నా బిడ్డ కాదు బాబా."

మోరెనికే ఆ మాట అని, కొయ్యబొమ్మను దాన్ని చెక్కిన ఓగుందెలే ముందు చాప మీద మళ్లీ పెట్టేసింది. ఆమె వీపున గుడ్డతో కట్టి ఉన్న కెహిందే, కవలల్లో మిగిలిన కొడుకు, జ్వరంతో సన్నగా మూలుగుతున్నాడు.

ఓగుందెలే బాడిస పక్కన పెట్టాడు. ఎడారి మీదుగా వచ్చే దుమ్ముగాలికి పొద్దుటినుంచి అతని కళ్లు మండుతున్నాయి, మణికట్టు లాగుతోంది. చనిపోయిన కవలలకు కొయ్యలో చోటు కల్పించడం అతని ఇంటి విద్య. పట్టుకుపోయిన బొమ్మను తిరిగి తెచ్చిన తల్లి మాత్రం ఈమె ఒక్కతే. మొదటిసారి తెచ్చినప్పుడు, చెంపల మీది వంశపు గాట్లు లోతు చాలలేదేమోనని దిద్ది ఇచ్చాడు. తరువాత తెచ్చినప్పుడు కొప్పు సన్నగా చెక్కి నీలిమందు పట్టించాడు.

"ఇంకా ఏం తక్కువైందమ్మా? ముక్కా? చెవులా?"

"ముక్కు బాగుంది బాబా. చెవులూ బాగున్నాయి."

"మరి?"

"నా బిడ్డ కాదు."

అంతలో మోరెనికే అత్తగారు ఆవెరో రొప్పుతూ వాకిట్లోకి వచ్చింది.

"తెచ్చేసిందా మళ్లీ? బొబ్బర్లు పొయ్యి మీద పెట్టి, స్నానానికి నీళ్లు తేబోయానో లేదో, బొమ్మ మాయం! అన్నయ్యా, నువ్వైనా దీన్ని నాలుగు తిట్టు. తిట్టి తిట్టి నా గొంతు పోయింది."

"నీ గొంతు పోతే ఊరంతా డోలు కొట్టించుకుంటుంది ఆవెరో," అన్నాడు ఓగుందెలే, నవ్వే ఓపిక లేక.

"హాస్యాలకు వేళా ఇది? ఆ పసివాడి ఒళ్లు ముట్టుకు చూడు, పెనంలా ఉంది. ఇఫా సోదె చూసిన పెద్దాయన ఏమన్నాడు? పోయిన పిల్లకు ఇంట్లో చోటివ్వండి, స్నానం చేయించి తిండి పెట్టండి, లేకుంటే ఒంటరిగా ఉండలేక తోడబుట్టినవాణ్ని పిలుచుకుంటుంది అన్నాడు. వాడు కూడా పోయాక ఏడుస్తావుటే? అప్పుడు ఈయన చేత ఇంకో బొమ్మ చెక్కిస్తావా?"

కూతురు టైవో పోయిన నాటినుంచి మోరెనికే కంటి మీద కునుకు నిలిచినట్టు లేదు. నిలుచున్నచోటనే రెప్పలు వాలిపోతున్నాయి. తెరిచినప్పుడు చూపు బొమ్మ మీదికి పోవడం లేదు.

ఓగుందెలే బొమ్మను తీసి వెలుతురుకు పట్టి చూశాడు. పాదాలు పీఠం మీద గట్టిగా ఊని, చేతులు నడుము పక్కలకు దించి, నిండైన రొమ్ములతో, ఎత్తైన కొప్పుతో నిలుచున్న కన్నెపిల్ల. అవతలికి వెళ్లినవారు పసివాళ్లుగా ఉండిపోరనీ, అక్కడ నిండుగా ఎదుగుతారనీ పెద్దల నమ్మకం. అతని తండ్రీ, తాతా అలాగే చెక్కారు. అతడూ అలాగే చెక్కాడు. తప్పెక్కడో కనబడలేదు.

"చూడవే, ఎంత లక్షణంగా ఉందో!" అంది ఆవెరో. "రేపో మాపో పెళ్లివారు వచ్చి అడిగేటట్టుంది. ముక్కయితే అచ్చం నాదే."

"నీ ముక్కు చెక్కాలంటే ఇంకో దుంగ తేవాలి," అని ఆమె నోరు మూయించి, ఓగుందెలే మోరెనికే వైపు తిరిగాడు. "అమ్మా, కవలల తల్లీ! ముసలివాణ్ని. ఇంకొకటి చెక్కే ఓపిక నాకు లేదు. ఏం దిద్దాలో చెప్పు, ఇప్పుడే దిద్దుతాను. ఊరికే కాదు కాదంటే నేనేం చెయ్యను? వాడి ఒంట్లో చూస్తే బాగాలేదు."

మోరెనికే చాప మీద కూలబడింది. వీపున ఉన్న పిల్లవాణ్ని విప్పి, కుడివైపు ఒడిలోకి తీసుకొని రొమ్ము అందించింది. వాడు కాసేపు చప్పరించి, అలసి, నిద్రలోకి జారిపోయాడు. ఎడమ వైపున ఆమె కట్టుకున్న నీలిగుడ్డ తడిసి ఉంది. ఆ తడి నడుము దాకా పాకింది.

"వీడు ఈ పక్కే తాగుతాడు బాబా. ఆ పక్క టైవోది. దానికింకా నేను పాలు మాన్పించనేలేదు." ఆమె అప్పుడు బొమ్మ వంక చూసింది. "ఇదేమో... దీనికే బిడ్డకు పాలిచ్చే ఈడొచ్చింది. ఇంత పెద్దమ్మాయిని ఒళ్లో వేసుకుని నేనెట్లా పట్టను?"

ఓగుందెలే చేయి బాడిస దాకా పోయి ఆగింది. ఏ దెబ్బకు ఎంత వయసు తగ్గుతుందో అతనికి తెలియలేదు.

ఆవెరో మోకాళ్లు పట్టుకొని వంగి బొమ్మను ఎత్తుకుంది. తన కొంగుతో దాని ముఖం మీది దుమ్ము తుడిచి, తెచ్చి కోడలి ఎడమ ఒడిలో పడుకోబెట్టింది.

"పట్టవే," అంది. "నీ మొగుడు పెండలం దుంపల బుట్ట నెత్తిన పెట్టుకుని పొలం నుంచి వచ్చి మరీ నా దగ్గర తాగేవాడు. పెద్దవాడివయ్యావు, పోరా అని నేనన్నానా?"

ఈ కథ విన్నవారి ఇండ్లలో నోటికి పాలూ, పాలకు నోరూ ఎన్నడూ కరువు కాకుండుగాక. ఉన్నవారూ పోయినవారూ ఒకే కప్పు కింద చల్లగా నిద్రింతురుగాక.