గ్లాసుడు వేణ్ణీళ్ళు

మామగారి తద్దినం. భోక్తలు హాల్లో కూర్చున్నారు. వంటింట్లో కొత్త పొయ్యి గారెలు వేయనని మొరాయిస్తోంది.

పొయ్యికి ప్రోగ్రాం ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళే రాసుకోవాలి. ఎలా రాయాలో చెప్పే పుస్తకం కంపెనీవాళ్ళు ఉచితంగానే ఇస్తారు. అందులో పనిచేసే ఉదాహరణ ఒక్కటే: గ్లాసుడు నీళ్ళు కాచడం.

"భోక్తలకి వేణ్ణీళ్ళు వడ్డిద్దామా అమ్మా?" అన్నారు అత్తగారు.

గారెల పేజీ తెరిస్తే, "పాత పుస్తకం చూడండి" అని ఉంది. పాత పుస్తకంలో, "కొత్త పుస్తకం చూడండి" అని ఉంది. కంపెనీకి ఫోన్ చేశాను.

"ఆ పేజీ మీకు ఉపయోగపడిందా మేడం?" అంది అమ్మాయి.

"లేదమ్మా."

"ఉపయోగపడిందని నొక్కినవాళ్ళకే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది మేడం."

"నొక్కెయ్యమ్మా, మీ మామగారు అసలే ఆకలికి ఆగలేరు," అన్నారు అత్తగారు.

నొక్కాను. అడిగితే ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను. ప్రోగ్రాం దొరికింది, గారెలు వేగాయి, భోక్తలు తృప్తిగా తిని లేచారు.

సాయంత్రం పక్కింటి ఇందుమతి పరుగున వచ్చింది.

"వదినా, నీ ఐదు నక్షత్రాలు చూసే మధ్యాహ్నం మేమూ అదే పొయ్యి కొన్నాం. రేపు మా కోడలి సీమంతం. ఆ పుస్తకం చూస్తే పులిహోర వచ్చేట్టు లేదు. ఎలా రాయాలో కాస్త చెప్పవూ?"

నేను కుర్చీ చూపించి, గ్లాసుడు వేణ్ణీళ్ళు కాచి ఇచ్చాను.