నీళ్లు చూసే మనిషి

శనివారం సాయంత్రం నాలుగింటికి కాలింగ్ బెల్ మోగింది.

ఆమె నేలమీద ఒలికిన ఉప్పునీళ్లు తుడుస్తోంది. తడిగుడ్డ చేత్తో పట్టుకునే వెళ్లి తలుపు తీసింది.

గుమ్మంలో అరవై దాటిన మనిషి. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. భుజాన గుడ్డసంచి.

“మొన్న చేపల షాపులో ఉప్పునీటి తొట్టి కొన్నది మీరే కదమ్మా? నీళ్లు చూసి వెళ్తాను.”

షాపువాళ్లు పంపిన మనిషి కాబోలనుకుంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె ఇంట్లోనే కూర్చుని లా పుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. పొద్దున లేస్తే కామాలూ ఫుల్‌స్టాపులే తోడు. ఇంట్లో తను కాక కదిలేది ఇంకొకటి ఉంటే బాగుండుననిపించి ఆ తొట్టి కొనుక్కుంది. నారింజరంగు ఒంటిమీద తెల్లచారలున్న చేపల జంట ఒకటి షాపులో కనబడితే మనసు పారేసుకుంది. “ఆరు వారాలు మా దగ్గరే ఉంచుతాం, ముందు మీ నీళ్లు కుదురుకోనివ్వండి” అన్నాడు షాపాయన.

వచ్చినాయన సంచిలోంచి చిన్న గాజుగొట్టం తీశాడు. అందులో తొట్టినీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేసి, కిటికీ వెలుతురులో రంగు చూశాడు.

“ఇప్పుడు చేపను వేస్తే తెల్లారేసరికి పైకి తేలుతుంది. ఈ రాళ్లలో కంటికి ఆనని జీవాలు పెరగాలి. చేపల మురికిని శుభ్రం చేసేవి అవే.”

“నీళ్లు తగ్గిపోతున్నాయండీ. రోజూ ఉప్పు కలిపి పోస్తున్నాను.”

“పోయకండమ్మా. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు. ఫిల్టర్ నీళ్లు పోయండి చాలు.”

తర్వాతి శనివారం కూడా వచ్చాడు. ఆ తర్వాతి శనివారమూ వచ్చాడు. పేరు అడగాలని ఆమెకు తోచలేదు. మనసులో ‘ఉప్పాయన’ అని పెట్టుకుంది.

నాలుగోవారం రాళ్లనిండా గోధుమరంగు జిగురు పట్టింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

“మొత్తం తీసి కడిగేయమంటారా?”

“వద్దు వద్దు. ప్రతి తొట్టీ ఒకసారి ఈ అవతారం ఎత్తాల్సిందే. రెండు వారాలాగి నాలుగు నత్తలు తెచ్చుకోండి. జీతం బత్తెం లేకుండా పాచిపని చేసిపెడతాయి.”

ఆమె పైకే నవ్వేసింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఏడోవారం చేపలు ఇంటికొచ్చాయి. ఆ రోజు ఉప్పాయన సంచి కూడా విప్పలేదు. కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుండిపోయాడు.

“పెద్దది ఆడది. దానికి కుడికన్ను సరిగ్గా కనబడదు. మేత ఎడమవైపు నుంచి వేయండి.”

“అప్పుడే ఎలా కనిపెట్టారు?”

“చూస్తూ ఉంటే తెలుస్తుందమ్మా.”

అప్పట్నించీ ఐదు నిమిషాలు నీళ్లు చూడటం, అరగంట ఊరికే కూర్చోవడం. ఆయన చేపల్నే చూస్తుండేవాడు. ఆమె తన ప్రూఫులు తను దిద్దుకునేది.

ఒకరోజు ఎదురింటావిడ మెట్లమీద ఆపింది.

“వారం వారం వస్తాడు, ఎవరండీ ఆయన? చుట్టమా?”

“కాదండీ. చేపల షాపు మనిషి.”

“షాపు మనిషికి అంతంతసేపు ఏం పని? ఒంటరిగా ఉంటారు, కాస్త చూసుకోండి.”

ఆ మాట ముల్లులా దిగింది. ఆయన ఎప్పుడైనా తేడాగా మాట్లాడాడా అని వెతుక్కుంది. ఒక్క మాటా దొరకలేదు. అయినా ముల్లు ఊడిరాలేదు.

పద్నాలుగో శనివారం ఆమె తలుపు సగమే తీసింది.

“నీళ్లు చూసుకోవడం నాకు వచ్చేసిందండీ. ఇక మీరు శ్రమపడక్కర్లేదు. షాపువాళ్లకి నేను చెప్తాను.”

ఆయన ఆమె భుజం మీదుగా ఒక్కసారి లోపలికి చూశాడు.

“అలాగేనమ్మా. తింటున్నాయా?”

“బాగా తింటున్నాయి.”

“అంతే చాలు.”

గాజుగొట్టమూ మందుసీసాలూ తీసి ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

తర్వాతి శనివారం నాలుగింటికి ఆమె పెన్ను ఆగింది. ఎందుకాగిందో ఆమె ఒప్పుకోలేదు.

మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం రాతి పక్కన ఆవగింజలంత నారింజరంగు గుడ్లు కనిపించాయి. చేపలు రెండూ వాటిమీదికి రెక్కలతో నీళ్లు విసురుతూ కాపలా కాస్తున్నాయి.

ఎవరికైనా చెప్పాలి. ఫోన్ తీసి పేర్లన్నీ పైకీ కిందికీ జరిపింది. చెప్పాలనిపిస్తున్న మనిషి పేరు ఆమెకు తెలియనే తెలియదు.

చెప్పులేసుకుని నేరుగా షాపుకు వెళ్లింది.

“శనివారాలు నీళ్లు చూడ్డానికి మీరు ఒకాయన్ని పంపేవారు కదా, ఒక్కసారి మళ్లీ పంపుతారా? చేపలు గుడ్లు పెట్టాయి. ఆయనకి చూపించాలి.”

“మేమెవర్నీ పంపమమ్మా.”

“గుడ్డసంచి పెద్దాయన. బుగ్గలు పీక్కుపోయి ఉంటాయి. నేనే ఇక రావద్దన్నాను.”

షాపాయన చేతిలోని వల పక్కన పెట్టాడు.

“ఆయన వారం వారం వచ్చేవారా? నెల క్రితం ఊరు వదిలి వెళ్లిపోయారమ్మా. ఎక్కడికో కూడా చెప్పలేదు.”

“ఎవరాయన?”

“ఆ రెండు చేపల్నీ పదకొండేళ్లు పెంచింది ఆయనేనమ్మా, ఉంటున్న ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చి మాకు వదిలేసి, ఎవరింటికి వెళ్తున్నాయో ఒక్కసారి చూసొస్తానని మీ అడ్రసు రాసుకున్నారు.”