పసుపు గుడ్డ

నా భయమల్లా ఒక్కటే: గోడతోట ఎండిపోతే మా చంటిదానికి పెట్టడానికి గుప్పెడు కూర ఉండదు. ఇప్పుడు అందరికీ తోటలు గోడల్లోనేగా. ఆకులు పాలిపోతున్నా, నీళ్ల మంచిచెడ్డలు చెప్పే మా గోడమీటరు "నీళ్లు భేషుగ్గా ఉన్నాయమ్మా" అంటూనే ఉంది.

"ఎనిమిదితో బడి మానేసినదానివి, మీటరుకే తప్పులెంచుతావుటే?" అంది మా అత్త సూరమ్మ.

ఒక గుడ్డకి పసుపు రాసి, తోటకెళ్లే తొట్టెలోని నీళ్లు చల్లాను. ఎర్రబడింది.

"ఓసినీ, పారాణే!" అంది అత్త. నీళ్లలో సున్నం ఎక్కువైందని ఇద్దరికీ తెలిసిపోయింది.

కొత్త గుడ్డ పసుపుగానే మిగిలేదాకా తొట్టెలో నిమ్మకాయలు పిండాను. నాలుగోనాటికి చిగురు పచ్చబడింది.

మా తొట్టెలోకొచ్చే నీళ్లే పై అంతస్తులో ఒంటరిగా ఉండే రత్తాలు పిన్ని గోడతోటకీ వెళ్తాయి. నేను చెబితే "మీటరు కంటే నీకెక్కువ తెలుసా?" అని తలుపేసుకుంది. లిఫ్టులో ఈ కాగితం చదివిన మీరైనా చిటికెడు పసుపు పట్టుకెళ్లి, ఆవిణ్ణి ఓసారి చూసి రండి.