సున్నా, కెప్టెన్!

అర్నుల్ఫో కిన్యోనెస్ ఉమ్మిని తువాలులోకి వదిలాడు. మింగుదామంటే గొంతు దిగడం లేదు.

జ్ఞానదంతం తీసిన వైపు దవడ కింద వాపు రాయిలా గట్టిపడింది. నాలుక పైకి లేచి అంగిటికి తగులుతోంది. పడుకుంటే ఊపిరాడడం లేదని మంచం మీదే కూర్చున్నాడు.

ఆ సైనిక ఆసుపత్రి వార్డులో పక్క మంచం సార్జెంట్ మొస్కేరాది. మందుపాతర పేలి దవడ విరిగితే రేకు వేసి, పళ్ళకు తీగ చుట్టి బిగించారు.

"కెప్టెనమ్మ వచ్చేస్తోంది, లేవరా కుర్రకుంకా," అన్నాడు పళ్ళ సందులోంచి. "ఏం చెప్పాలో గుర్తుందిగా? మన వార్డు పరువు తీయకు."

కెప్టెన్ ఒఫేలియా రింకోన్ పళ్ళ డాక్టరు. కోత తర్వాత వేసే రెండు రకాల మాత్రల్లో ఏది నొప్పిని బాగా తగ్గిస్తుందో తేల్చే పరిశోధన ఆమెది. రోజూ పొద్దున్నే మంచం మంచానికీ వచ్చి ఒకటే అడుగుతుంది. సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత?

భుజాల మీద నక్షత్రాలున్న మనిషి అడిగితే సిపాయి మడమలు కలిపి, ఛాతీ విరిచి అరుస్తాడు.

"సున్నా, కెప్టెన్!"

"సున్నా, కెప్టెన్!"

"రెండు మాత్రలూ అమృతంలా పనిచేస్తున్నాయే!" అంది ఆమె, సంబరంగా.

కిందటివారం మూల మంచం కుర్రాడొకడు 'తొమ్మిది' అన్నాడు. వెంటనే తీసుకుపోయారు. మెడకు కన్నం పెట్టారని, అందులోంచే గాలి పీలుస్తున్నాడని చెప్పుకున్నారు.

ఆ మంచం ఇంకా ఖాళీగానే ఉంది.

"సిపాయి కిన్యోనెస్, నీకెంత?"

అర్నుల్ఫో తువాలు వీపు వెనక దాచుకున్నాడు.

"సున్నా, కెప్టెన్."

నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. ఆమె రాసుకుని ముందుకు కదిలింది.

తన వంతు వచ్చినా సార్జెంట్ అరవలేదు. కుర్రాడి గడ్డం మీద జారుతున్న చొంగను చూస్తున్నాడు.

"మేడమ్. వాడు అబద్ధమాడుతున్నాడు. అలా చెప్పమన్నది నేనే."

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. "నోరు తెరువు నాయనా."

తెరుచుకోలేదు.

తర్వాత అన్నీ పరుగులే. చక్రాల మంచం. పైన ఒకదాని వెనక ఒకటి జారిపోతున్న దీపాలు. నన్ను కొయ్యొద్దు అనబోయాడు అర్నుల్ఫో. మాట పెగల్లేదు.

దుప్పటి మీదుగా ఎవరో అతని పాదం గట్టిగా పట్టుకున్నారు. సార్జెంట్. కుంటుకుంటూ వెంటే వస్తున్నాడు.

"భయమేస్తే భయపడరా, ఫర్లేదు. ఊపిరి మాత్రం ఆపకు."

ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆ చెయ్యి వదిలేసింది.

మెలకువ వచ్చేసరికి మెడలో గొట్టం ఉంది. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. నర్సు తడి దూదితో పెదవులు అద్దింది. అంత చల్లటిది అతను ఎన్నడూ ఎరగడు.

అతన్ని మళ్ళీ వార్డుకు తెచ్చిన పొద్దున, కెప్టెన్ తన నక్షత్రాల సైనికకోటు గుమ్మం బయటే కొక్కేనికి తగిలించి వచ్చింది. లోపల పాత ఉన్ని స్వెటరు, మోచేతి దగ్గర చిరుగు. సార్జెంట్ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"లేవొద్దు. ఇప్పుడు చెప్పండి మొస్కేరా. ఎంత?"

సార్జెంట్ చేతిలో వేడి బెల్లంనీళ్ళు చల్లారిపోయాయి.

"ఎనిమిది."

వార్డులో ఎవరూ నవ్వలేదు.

ఎదుటి వరసలో ఎవరో తమ అంకె సరిచేసుకోవడానికి గొంతు సవరించుకున్నారు.